అప్‌డేట్: క్యాన్సర్ పిల్లల ట్రస్టుకిచ్చిన విరాళం, 80జి సమస్య తీరింది

మొన్న అడిగింది నేనే. మా నాన్న సంవత్సరీకానికి పిల్లల క్యాన్సర్ వైద్యానికి సాయం చేసే ఓ ట్రస్టుకి 13,000 ఇచ్చాను, 80జి (విరాళాలకు ఆదాయపు పన్ను మినహాయింపు ఇచ్చే సెక్షన్) కింద చూపిద్దామంటే ట్రస్టు ఇవ్వాల్సిన విరాళం సర్టిఫికెట్, అదే ఫారం 10బిఇ, రాలేదని.

జవాబిచ్చిన అందరికీ థ్యాంక్స్. "పాన్ నంబరు సరిచూడండి" అన్నవారి మాటే నిజమైంది. కావలిలో మా ఆడిటర్ గారు రసీదు చూడగానే పట్టేశారు, ఒక అక్షరం తప్పు పడింది. ట్రస్టువాళ్లు 10బిడి (దాతల వివరాలతో పన్ను శాఖకు వాళ్లు వేసే ఫారం) సవరించి వేశాక సర్టిఫికెట్ వచ్చింది.

ఇంకోటి. 10,000 యూపీఐలో వేసి, 3,000 నగదుగా ఇచ్చాను. నగదు 2,000 దాటితే మినహాయింపు లేదట. పోనీ, పిల్లలకే కదా వెళ్లింది. మిగతా 10,000లో నాకు సగానికే వర్తించింది, అదీ పాత పన్ను విధానంలో ఉన్నాను కాబట్టి.