దేవరకొండ కుటుంబ కౌన్సెలింగ్ శిబిరం: పైసల దగ్గర ఆగింది, అందరూ చూడండి

దేవరకొండ అక్క:
తమ్ముళ్లూ, ఫంక్షన్ హాల్ అడ్వాన్సుకు రేపే ఆఖరు. టెంటు, భోజనాలు, ఫ్లెక్సీలు, పిల్లల ఆటలు, కరపత్రాలు... లిస్టులో ఒక్కటీ కదల్లేదు. పైసలు ఎప్పుడు వేస్తున్నారు?

కోశాధికారి, లండన్:
అక్కా, నిన్న రాత్రి ఆడిటర్‌తో మాట్లాడాను. ఇక్కడి మన సంఘం ఖాతా నుంచి అక్కడి మీ సొసైటీకి పంపడం కుదరదట. 2010 విదేశీ విరాళాల చట్టం కింద మీకు రిజిస్ట్రేషన్ లేదు. ఉన్నవాళ్లకైనా ముందు ఢిల్లీ స్టేట్ బ్యాంకు మెయిన్ బ్రాంచి ఖాతాకే రావాలి. అట్లాంటి సంస్థకు పంపి వాళ్ల చేత మీకు ఇప్పిద్దామన్నా 2020 సవరణతో అదీ బంద్.

లీడ్స్ తమ్ముడు:
దీనికింత టెన్షన్ ఎందుకు? మా బామ్మర్ది కొండమల్లేపల్లిలోనే ఉన్నాడు. వాడి ఖాతాలో వేస్తా, తీసి అక్క చేతికిస్తాడు.

కోశాధికారి:
వద్దు తమ్ముడూ. రేపు ఎవరైనా లెక్క అడిగితే నిలబడాల్సింది మనం కాదు, అక్క.

లీడ్స్ తమ్ముడు:
అంటే నేను దొంగదారి చెప్తున్నానా? మూడు వారాలు ఇల్లిల్లూ తిరిగి 1,850 పౌండ్లు పోగుచేసింది ఎవరు? ఈ చట్టం సంగతి అప్పుడే చెప్పొచ్చు కదా!

కోశాధికారి:
అప్పుడు నాకూ తెలియదు. ముందే కనుక్కోకపోవడం నా తప్పే.

రెడింగ్ వదిన:
ఒక దారి ఉంది. ఇండియా పాస్‌పోర్ట్ ఉన్నవాళ్లు సొంత సంపాదన తమ బ్యాంకు నుంచి పంపితే అది విదేశీ విరాళం కిందికి రాదు. పాస్‌పోర్ట్ మార్చుకున్నవాళ్లది మాత్రం వస్తుంది, ఓసీఐ కార్డు (వేరే దేశ పౌరులైన మనవాళ్లకు ఇండియా ఇచ్చే కార్డు) ఉన్నా సరే.

లీడ్స్ తమ్ముడు:
పుట్టింది చందంపేటలో. ఇప్పుడు నా పైసలు చందంపేటకు పరాయివా వదినా?

దేవరకొండ అక్క:
తమ్ముడూ, మనసు కష్టపెట్టుకోకు. రాత్రంతా ఆలోచించాను, హాలే వద్దు. పోయిన నెల తండాలో బీపీ చూసిన రోజు ఒక చెల్లె వచ్చింది. పెనిమిటి పుణెకు పనికి పోయి ఎనిమిది నెలలు. బీపీ చూశాక కూడా లేవలేదు. ఇచ్చిన నీళ్లు తాగేసి, ఆ స్టీలు గ్లాసు అంచును కొంగుతో తుడుస్తూనే కూర్చుంది. పక్కవాళ్లంతా వెళ్లిపోయాక నోరు విప్పింది. హాలు ముందు మైకు పెట్టి, కుటుంబ సమస్యలున్నవాళ్లు రండి అని ఫ్లెక్సీ కడితే ఆమె వస్తుందా? ఊరు చూస్తుండగా ఆ గేటు దాటే ఆడమనిషిని నేను చూడలేదు. నాకు కావాల్సింది ఒక గది, రెండు కుర్చీలు. దెబ్బలు తిన్నవాళ్లను నల్లగొండ సఖి కేంద్రానికి తీసుకెళ్లాలంటే దాదాపు 60 కిలోమీటర్లు, దానికి బండి కిరాయి. మహిళల హెల్ప్‌లైన్ 181, మనసు బాగాలేనివాళ్లకు 14416, ఉచిత న్యాయ సహాయానికి 15100: ఈ మూడు నంబర్లు ఒక చిన్న చీటీ మీద రాసిస్తే బ్లౌజులో దాచుకుపోతారు. ఇంటికి కరపత్రం ఎవరు తీసుకెళ్తారు?

లీడ్స్ తమ్ముడు:
గ్లాసు దగ్గరికి వచ్చేసరికి చదవలేకపోయాను అక్కా. మా అమ్మ కూడా అట్లాగే కూర్చునేది. అన్నా, మాట జారాను, మనసులో పెట్టుకోకు. పైసలిచ్చిన అందరికీ నేనే ఫోన్ చేస్తా. వెనక్కి అడిగినవాళ్లకు ఇచ్చేద్దాం. మిగిలితే, ఇక్కడ అద్దె కట్టలేక ఇంట్లో చెప్పుకోలేక లోపల్లోపలే నలిగిపోతున్న మన పిల్లలున్నారు, వాళ్లకు వాడదాం.

కోశాధికారి:
నాకేం కోపం లేదు. ఫోన్లు సగం నేను చేస్తా.

రెడింగ్ వదిన:
ఇండియా పాస్‌పోర్ట్ వాళ్లం ఏడుగురం తేలాం. తలా 3,000 రూపాయలు, ఎవరి ఖాతా నుంచి వాళ్లమే, పాస్‌పోర్ట్ కాపీతో సహా పంపుతాం. ఆదివారమే పెడదామా అక్కా?

దేవరకొండ అక్క:
ఆదివారం వద్దమ్మా, మగవాళ్లు ఇంట్లో ఉంటారు. అంగడి రోజు పెడదాం, కూరగాయలకని చెప్పి రావచ్చు. గది దొరికింది, తాళంచెవి నా దగ్గరే ఉంది. తలుపుకు లోపలి గడియ లేదు, పొద్దున్నే వడ్లాయన్ని పిలిపిస్తా.