కూకట్‌పల్లిలో అద్దెకిచ్చే ఫ్లాట్: డౌన్ పేమెంట్‌కి టాప్ అప్ లోన్ వాడొచ్చా?

అద్దెకివ్వడానికి రెండో ఫ్లాట్ చూస్తున్నాను. కూకట్‌పల్లిలో 1,200 చదరపు అడుగుల పాత డబుల్ బెడ్‌రూమ్, ధర 60 లక్షలు. ఈ ధరకి బ్యాంకు 80 శాతం దాకా ఇవ్వొచ్చు కానీ 45 లక్షలే తీసుకుందామని. 8.5 శాతానికి 20 ఏళ్లకి ఈఎంఐ సుమారు 39,050. అద్దె 20,000 వస్తుంది. ఖాళీగా ఉన్న నెల మెయింటెనెన్స్ 3,000 కూడా మన నెత్తినే. అంటే అద్దె వచ్చే నెలల్లో కూడా 19 వేలు చేతి నుంచి పెట్టాల్సిందే, అది తెలిసే దిగుతున్నా.

అసలు తంటా డౌన్ పేమెంట్ 15 లక్షలు, రిజిస్ట్రేషన్ 7.5 శాతం చొప్పున 4.5 లక్షలు. రిజిస్ట్రేషన్ ఖర్చుని బ్యాంకు లోన్ లెక్కలోకి తీసుకోదు. ఉంటున్న ఇంటి లోన్ మీద టాప్ అప్ (ఉన్న లోన్‌కి అదనంగా ఇచ్చే అప్పు) 10 లక్షలు ఇస్తామంటున్నారు.

ఆ టాప్ అప్ డబ్బు నేరుగా అమ్మేవాళ్ల ఖాతాకే పంపితే, దాని వడ్డీని కూడా అద్దె ఆదాయంలోంచి తగ్గించుకోవచ్చు కదా? బ్యాంకు ఇచ్చే వడ్డీ సర్టిఫికెట్‌లో పాత ఇంటి అడ్రసే ఉంటుంది. ఇన్‌కమ్ ట్యాక్స్ నోటీసొస్తే బ్యాంకు స్టేట్‌మెంట్, సేల్ డీడ్ చూపిస్తే సరిపోతుందా, సీఏ లెటర్ కూడా కావాలా?

ఇంకోటి. ఈ ఫ్లాట్ మీద తీసుకునే 45 లక్షల మెయిన్ లోన్ వడ్డీకే అద్దె ఆదాయం నష్టంలోకి పోతోంది. పాత పన్ను విధానంలో ఆ నష్టాన్ని జీతం మీద ఏడాదికి 2 లక్షల వరకే సర్దుకోవచ్చు, కొత్తదాంట్లో అదీ లేదు. అలాంటప్పుడు టాప్ అప్ వడ్డీ చూపించి ఒరిగేదేమైనా ఉందా? ఇలా చేసినవాళ్లు చెప్పండి.