మరాయా కేరీ పాటల పట్టిక: 1994 నాటి పాటకు 2019లో మొదటి స్థానం ఎలా వచ్చింది?

ప్రశ్న

నమస్కారం. అమెరికన్ గాయని మరాయా కేరీ ఆల్బములను, సింగిల్స్‌ను (విడిగా విడుదల చేసిన పాటలను) వరుసగా చూపే పట్టిక ఒకటి తెలుగులో తయారు చేస్తున్నాను. విడుదలైన సంవత్సరం, ఆల్బమ్ పేరు, అమెరికాలోని బిల్‌బోర్డ్ హాట్ 100 పాటల చార్టులో అందుకున్న అత్యుత్తమ స్థానం, బ్రిటన్ చార్టులో అందుకున్న స్థానం అని నాలుగు గళ్లు గీసుకున్నాను. 1990లో వచ్చిన ‘విజన్ ఆఫ్ లవ్’ మొదలుకొని 1991 నాటి ‘ఎమోషన్స్’ దాకా ఆమె తొలి ఐదు సింగిల్సూ అమెరికాలో మొదటి స్థానానికి చేరాయి కనుక అక్కడి వరకు ఒక్క పూటలో పూర్తయింది. ఆ తర్వాత మూడు చోట్ల ఆగిపోయాను.

‘ఆల్ ఐ వాంట్ ఫర్ క్రిస్మస్ ఈజ్ యూ’ 1994లో విడుదలైంది. అదే ఏడాది బ్రిటన్‌లో 2వ స్థానం కనిపిస్తోంది గానీ, అమెరికా గడిలో మాత్రం 2019లో మొదటి స్థానం అని ఉంది. పాతికేళ్ల తేడా ఎలా వచ్చిందో, దీన్ని ఏ సంవత్సరం కింద రాయాలో తెలియడం లేదు. రెండోది, 1997 నాటి ‘బటర్‌ఫ్లై’ ఆల్బములోని ‘హనీ’, ‘మై ఆల్’ రెండూ మొదటి స్థానం అందుకోగా, ఆల్బముకే పేరిచ్చిన ‘బటర్‌ఫ్లై’ పాటకు హాట్ 100లో స్థానమే లేదు. అంత బాగా పాడిన పాట మొదటి వందలోకి కూడా రాలేదంటే నాకు నమ్మశక్యంగా లేదు. ఇక ‘మ్యూజిక్ బాక్స్’ అమ్మకాల సంఖ్య ఒక్కో చోట ఒక్కోలా ఉంది. దయచేసి తెలిసినవారు వివరించగలరు.

జవాబు 1

మీ మొదటి రెండు సందేహాలకూ మూలం ఒక్కటేనండి. హాట్ 100 చార్టు 1958 ఆగస్టులో మొదలైంది. ఆ రోజుల్లో అది పాటలను ఒక వారంలో జనం ఎంత కొన్నారో, రేడియోలు ఎంత వినిపించాయో కలిపి చూసే చార్టు. అయితే 1998 డిసెంబరు దాకా అందులో ఒక షరతు ఉండేది. పాట ఆల్బములో ఉంటే సరిపోదు, సింగిల్‌గా విడిగా దుకాణంలో కొనుక్కోవడానికి దొరకాలి. అలా దొరకని పాటను దేశంలోని రేడియోలన్నీ పగలూ రాత్రీ వినిపించినా హాట్ 100లో దానికి చోటు ఉండేది కాదు.

రికార్డు కంపెనీలకు ఆ రోజుల్లో సింగిల్ కంటే ఆల్బమ్ అమ్మకమే లాభసాటి కనుక, రేడియోలో బాగా పేరు తెచ్చుకున్న పాటను కావాలనే విడిగా అమ్మకుండా ఆపి, అది కావలసినవారు మొత్తం ఆల్బమ్ కొనక తప్పని పరిస్థితి కల్పించేవి. ‘బటర్‌ఫ్లై’ పాటను అమెరికాలో సింగిల్‌గా అమ్మకానికి పెట్టలేదు. మీ పట్టికలోని ఖాళీకి కారణం అదే తప్ప, శ్రోతల ఆదరణ లేకపోవడం కాదు. ఇది ఆమె ఒక్కరికే జరిగిన అన్యాయం కూడా కాదు. నో డౌట్ బృందం పాడిన ‘డోంట్ స్పీక్’ రేడియో ప్రసారాల చార్టులో 16 వారాలు మొదటి స్థానంలో ఉండి కూడా హాట్ 100లో ఒక్క వారమైనా కనిపించలేదు. అందుకే ఆ గడిలో గీత మాత్రమే గీసి వదిలేయకుండా, ‘సింగిల్‌గా అమ్మలేదు, అర్హత లేదు’ అని రాయాలని నా గట్టి అభిప్రాయం. చార్టుకు ఎక్కలేకపోయిన పాటకూ, చార్టు గుమ్మం దగ్గరే ఆపేసిన పాటకూ ఒకే గీత పెడితే చదివేవారిని తప్పుదారి పట్టించినట్టే.

క్రిస్మస్ పాట కథా అక్కడే మొదలైంది. 1994లో అది ‘మెర్రీ క్రిస్మస్’ ఆల్బములో వచ్చింది. బ్రిటన్‌లో సింగిల్‌గా అమ్మారు కనుక ఆ డిసెంబరులోనే 2వ స్థానానికి చేరింది. ఈస్ట్ 17 బృందం పాట అడ్డుగా ఉండడంతో అంతకు మించి పైకి పోలేదు. అమెరికాలో విడిగా అమ్మలేదు కనుక హాట్ 100లోకి రానేలేదు. 1998లో షరతు తొలగిపోయాక, 2000 జనవరిలో మొదటిసారి 83వ స్థానంలో కనిపించి వెళ్లిపోయింది. పాత పాటలు మళ్లీ చార్టులోకి రావడం మీద ఉన్న ఆంక్షలు తర్వాతి కాలంలో సడలాయి. ఇంటింటా స్ట్రీమింగ్ (ఇంటర్నెట్‌లో పాటలు వినడం) అలవాటయ్యాక ఆ పాట ఏటా డిసెంబరులో మెట్టు మెట్టుగా పైకి పాకింది. 2017లో మొదటి పదిలోకి వచ్చింది. 2019 డిసెంబరు 21 తేదీ వేసిన చార్టులో మొదటి స్థానం అందుకుంది. అది ఆమెకు 19వ మొదటి స్థానం. 20 పాటలతో బీటిల్స్ ఒక్కరే ఆమెకు ముందున్నారు. బ్రిటన్‌లో ఆ పాట మొదటి స్థానానికి చేరింది మరుసటి ఏడాది, 2020 డిసెంబరులో.

కాబట్టి మీ నాలుగు గళ్లకు తోడు, అత్యుత్తమ స్థానం ఏ సంవత్సరం వచ్చిందో చూపే ఐదో గడి ఒకటి గీయండి.

జవాబు 2

పైవారు చెప్పినదానికి ఒక ప్రత్యక్ష సాక్ష్యం చేర్చాలనిపించింది. నేను 1995లో న్యూజెర్సీలో చదువుకుంటూ ఉండేవాణ్ని. చేతిలో డబ్బులు తక్కువ కనుక మొత్తం ఆల్బమ్ కొనలేక సింగిల్ క్యాసెట్లే కొనుక్కునేవాణ్ని. ప్లాస్టిక్ డబ్బా కూడా ఉండేది కాదు, రెండు వైపులా తెరిచి ఉన్న పలుచని అట్ట తొడుగులోంచి క్యాసెట్టు జారి చేతిలో పడేది. దుకాణంలో గల్లా దగ్గరి అమ్మాయి ఆ అట్ట వెనకాల ఉన్న గీతల మీద స్కానర్ పెట్టినప్పుడు వచ్చే చిన్న కూత నాకు బాగా గుర్తు. ఆ కూతే ఒక ఓటు అని అప్పట్లో నాకు తెలియదు.

1991 నవంబరుకు ముందు దుకాణదారులు, రేడియో స్టేషన్ల వారు తమ తమ జాబితాలు చెబితే వాటిని బట్టి హాట్ 100 తయారయ్యేది. ఆ నవంబరు ఆఖరు నుంచి దుకాణంలో స్కానర్ లెక్కలూ, రేడియోలో పాటను యంత్రం గుర్తుపట్టి వేసే లెక్కలూ వచ్చాయి. మీరు ఒక్క పూటలో పూర్తి చేశానన్న తొలి ఐదు మొదటి స్థానాలూ పాత పద్ధతిలో వచ్చినవేనని గమనించండి. వాటి విలువ తక్కువని నా ఉద్దేశం కాదు, కొలబద్ద వేరని చెబుతున్నానంతే.

ఆమె 1995లో పాడిన ‘ఫ్యాంటసీ’ విషయంలో ఈ తేడా కళ్లకు కట్టినట్టు కనిపిస్తుంది. ముందు పాటను రేడియోలకు ఇచ్చి, జనంలో కోరిక పెరిగాక సింగిల్‌ను దుకాణాలకు పంపడంతో, అప్పటిదాకా ఆగిన వారందరూ ఒక్క వారంలో కొనేశారు. 1995 సెప్టెంబరు 30 నాటి చార్టులో అది నేరుగా మొదటి స్థానంలో అడుగుపెట్టింది. అంతకు కొన్ని వారాల ముందు మైకేల్ జాక్సన్ పాట ఒక్కటే ఆ ఘనత సాధించింది. గాయనుల్లో ఈమే మొదటివారు. అదే ఏడాది బాయ్జ్ టు మెన్‌తో కలిసి పాడిన ‘వన్ స్వీట్ డే’ కూడా నేరుగా మొదటి స్థానంలోకి వచ్చి 16 వారాలు నిలిచింది. 2017లో ‘డెస్పసీటో’ పాట కూడా 16 వారాలు నిలిచి దానితో సమానమైంది. 2019లో 19 వారాలతో ‘ఓల్డ్ టౌన్ రోడ్’ దాటేసింది.

2005 నాటి ‘వి బిలాంగ్ టుగెదర్’ మాత్రం 81వ స్థానంలో మొదలైంది. ముఖ్యంగా రేడియో బలంతో వారం వారం ఎక్కుతూ చివరికి మొత్తం 14 వారాలు మొదటి స్థానంలో ఉంది. నా మటుకు నాకు ఆమె పాటల్లో ఇదే అన్నింటికంటే గొప్ప విజయం. 2001లో ‘గ్లిట్టర్’ ఆల్బమ్ సెప్టెంబరు 11న, అమెరికా మీద ఉగ్రవాద దాడి జరిగిన రోజునే విడుదలై దెబ్బతిన్నది. ఆమె పని అయిపోయిందని చాలామంది తేల్చేసిన తర్వాత వచ్చిన పాట ఇది. ‘గ్లిట్టర్’లోని ‘లవర్‌బాయ్’ కూడా 2వ స్థానానికి చేరింది గానీ అది దాదాపు మొత్తం సింగిల్ అమ్మకాల వల్లే. రేడియోలు దాన్ని పెద్దగా పట్టించుకోలేదు. రెండు పాటలకూ మీ పట్టికలో పక్కపక్క అంకెలే పడతాయి. వాటి వెనక నడిచిన దారులు పూర్తిగా వేరు.

జవాబు 3

అమ్మకాల గురించిన మూడో సందేహానికి నేను జవాబిస్తాను. ‘మ్యూజిక్ బాక్స్’ (1993), ‘డేడ్రీమ్’ (1995) రెండింటికీ అమెరికా రికార్డు కంపెనీల సంఘమైన ఆర్‌ఐఏఏ సంస్థ డైమండ్ గుర్తింపు ఇచ్చింది. అంటే ఒక్కొక్కటీ కోటి యూనిట్లు దాటిందని అర్థం. ఇక్కడ యూనిట్ అన్న మాటను జాగ్రత్తగా చూడాలి. ఆర్‌ఐఏఏ లెక్క రికార్డు కంపెనీ దుకాణాలకు పంపిన ప్రతుల మీద ఆధారపడినది. సౌండ్‌స్కాన్ (పైన చెప్పిన దుకాణాల స్కానర్ పద్ధతి) లెక్క గల్లా దగ్గర నిజంగా అమ్ముడైన ప్రతులది. పైగా 2016 నుంచి ఆర్‌ఐఏఏ ఆల్బముల లెక్కలో స్ట్రీమింగ్‌ను కూడా చేర్చి, 1,500 స్ట్రీములను ఒక ఆల్బముతో సమానంగా తీసుకుంటోంది. ఇక కొన్ని వెబ్‌సైట్లు చెప్పే ప్రపంచవ్యాప్త సంఖ్యలు చాలావరకు కంపెనీ ప్రచార ప్రకటనల నుంచి వచ్చినవి. ఈ మూడింటిలో ఏది తీసుకున్నారన్నది చెప్పకుండా సంఖ్య ఒక్కటే రాస్తే ఎవరైనా తప్పు పడతారు. గుర్తింపు స్థాయిని, అది ఏ దేశానిదో చెప్పి ఊరుకోవడమే క్షేమం. అదే క్రిస్మస్ పాటకు 2021లో డైమండ్ గుర్తింపు వచ్చింది. పండుగ పాటల్లో అదే మొదటిది.

ఆల్బములకు స్థానాలు చూపేది హాట్ 100 కాదని, బిల్‌బోర్డ్ 200 అన్న వేరే చార్టని కూడా గుర్తుంచుకోండి. ఆమె మొదటి ఆల్బమ్ 1990 జూన్‌లో వచ్చినా, మొదటి స్థానానికి చేరింది 1991లో. చేరాక 11 వారాలు అక్కడే ఉంది. రెండో ఆల్బమ్ ‘ఎమోషన్స్’ 4వ స్థానంతో సరిపెట్టుకుంది.

ప్రశ్న అడిగినవారు

ముగ్గురికీ హృదయపూర్వక కృతజ్ఞతలు. ‘బటర్‌ఫ్లై’ గడిలో ‘అర్హత లేదు’ అని ఇప్పుడే రాశాను. అలా రాస్తుంటే ఆ పాటకు న్యాయం జరిగినట్టనిపించింది. ఇంకొక్క చిన్న సందేహం ఉంది. క్రిస్మస్ పాటను 1994 వరుసలోనే ఉంచాలా, 2019 దగ్గర మళ్లీ రాయాలా? అలాగే 1990లు, 2000లు, 2010లు, 2020లు అని నాలుగు దశాబ్దాల్లోనూ మొదటి స్థానం పొందిన తొలి కళాకారిణి ఈమేనని చదివాను. 2019లో వచ్చిన స్థానం 2020లకు ఎలా లెక్కవుతుంది?

జవాబు 1

పాటను 1994 వరుసలోనే ఉంచండి. అది పుట్టిన సంవత్సరం మారదు. ఐదో గడిలో ‘అమెరికా 2019, బ్రిటన్ 2020’ అని రాస్తే సరిపోతుంది.

దశాబ్దాల లెక్క సరైనదే. ఆ పాట వరుసగా మూడు వారాలు మొదటి స్థానంలో ఉండగా, మూడో వారపు చార్టు మీద 2020 జనవరి 4 అన్న తేదీ ఉంది. బిల్‌బోర్డ్ శుక్రవారం నుంచి గురువారం దాకా లెక్కలు తీసి, ఆ తర్వాతి వారం ప్రకటించి, చార్టు మీద దాని తర్వాత వచ్చే శనివారం తేదీ వేస్తుంది. కనుక ఆ మూడో వారంలో జనం పాట విన్నది డిసెంబరులో, చార్టు మీద పడిన తేదీ జనవరిది. మీ పట్టికలో తేదీలు రాసిన ప్రతిచోటా అవి చార్టు తేదీలని పైన ఒక్క వాక్యం రాసి పెట్టండి. లేకపోతే జనవరి 4న క్రిస్మస్ పాట మొదటి స్థానంలో ఎందుకుందని రేపు ఇంకొకరు ఇదే ప్రశ్న అడుగుతారు.