అప్‌డేట్: హోల్ బాడీ డిఫ్యూజన్‌లో వెన్నెముక విరిగినట్టు కనిపించడం (సమస్య తీరింది)

పోయిన నెల అడిగాను కదా: మా 1.5 టెస్లా ఎంఆర్ఐలో హోల్ బాడీ డిఫ్యూజన్ (ఒంట్లో నీటి కదలికను చూపే స్కాన్) తీసి స్టేషన్లన్నీ (ఒళ్లుని భాగాలుగా తీసిన ముక్కలు) అతికిస్తే, శాజిటల్ (పక్క నుంచి చూసే) బొమ్మలో మెడ కింద వెన్నెముక విరిగినట్టు వస్తోందని, భుజాల దగ్గర అణగాల్సిన కొవ్వు తెల్లగా మిగిలిపోతోందని. రెండూ తీరాయి. జవాబిచ్చిన అందరికీ థాంక్స్.

విరుపుకి కారణం సెంటర్ ఫ్రీక్వెన్సీ, అంటే మెషీన్ ట్యూన్ చేసుకునే మూల ఫ్రీక్వెన్సీ. అప్లికేషన్ ఇంజనీర్ వచ్చి చూస్తే, మెషీన్ ప్రతి స్టేషన్‌కీ దాన్ని కొత్తగా సెట్ చేసుకుంటోంది. ఈపీఐలో (డిఫ్యూజన్‌కి వాడే వేగమైన స్కాన్ పద్ధతి) ఫేజ్ దిశలో, అంటే ఫ్రీక్వెన్సీ తేడాకి బొమ్మ ఎక్కువగా జరిగే దిశలో, పిక్సెల్‌కు 20 హెర్ట్జ్ అనుకోండి, పక్క స్టేషన్‌తో 60 హెర్ట్జ్ తేడా వస్తే చాలు, బొమ్మ 3 పిక్సెళ్లు జరిగిపోతుంది. ఇప్పుడు అన్నిటికీ ఒకే ఫ్రీక్వెన్సీ పెడుతున్నాం. వెన్నెముక అతుకు తెలియకుండా వస్తోంది.

కొవ్వుకి మాత్రం మీలో ఒకరు చెప్పిన స్టిర్ (సిగ్నల్ కోలుకునే వేగాన్ని బట్టి కొవ్వుని అణిచే పద్ధతి) పనిచేసింది. సిగ్నల్ కాస్త తగ్గింది, అది తప్పదు. కాంట్రాస్ట్ మందు ఇచ్చాక మాత్రం స్టిర్ వాడకండి, మందు పట్టిన గడ్డ సిగ్నల్ కూడా అణిగిపోవచ్చు.

సిగ్నల్ అందుకునే కాయిల్ పాడైందన్న నా అనుమానం ఉత్తదే. యావరేజ్‌లు (ఒకే బొమ్మను ఎన్నిసార్లు తీసి సగటు చేయాలో ఆ లెక్క) 4 నుంచి 6కి పెంచితే టైమ్ పెరిగింది, పేషెంట్లు విసుక్కున్నారు, అంతే.