క్యాప్‌కామ్ నిజంగా బాగుపడిందంటారా?

పాత కన్సోల్:
ఎక్కడ చూసినా ఒకటే మాట, జపాన్ వీడియో గేమ్ కంపెనీ క్యాప్‌కామ్ మారిపోయింది, కళ్లు మూసుకుని కొనేయొచ్చు అని. నాకు మాత్రం 2012 ఇంకా గుర్తుంది. స్ట్రీట్ ఫైటర్ ఎక్స్ టెక్కెన్ అనే ఫైటింగ్ గేమ్‌లో 12 పాత్రలు డిస్క్‌లోనే ఉన్నాయి, కానీ తాళం వేసి పెట్టారు. డిస్క్‌కి డబ్బు కట్టి, అందులో ఉన్నదానికే మళ్లీ కట్టాలి! 2016లో స్ట్రీట్ ఫైటర్ 5 ఆర్కేడ్ మోడ్ (ఒక్కడివే కంప్యూటర్‌తో వరసగా పోరాడే మోడ్) లేకుండానే వచ్చింది. దానికోసం 2018 జనవరి దాకా ఆగాల్సి వచ్చింది. ఇలాంటి కంపెనీని అంత తొందరగా నెత్తిన పెట్టుకోవాలా?

సేవ్ పాయింట్:
అన్నా, అవన్నీ నిజమే. ఆ తర్వాత జరిగింది కూడా చూడాలి కదా. హారర్ సిరీస్ అయిన రెసిడెంట్ ఈవిల్ 6లో పేలుళ్లు, ఛేజింగులు తప్ప భయమే లేదు. 2017లో ఏడో భాగం అదంతా పక్కన పెట్టి ఒక పాడుబడ్డ ఇంట్లోకి మనల్ని తోసేసింది. 2019లో రెండో భాగం రీమేక్ వచ్చింది. పోలీస్ స్టేషన్ పై అంతస్తులో వెంటాడే రాక్షసుడు మిస్టర్ ఎక్స్ బూట్ల చప్పుడు వినిపిస్తే తలుపు తీయడానికి చెయ్యి రాదు. మాన్‌స్టర్ హంటర్ వరల్డ్, డెవిల్ మే క్రై 5 సంగతి సరేసరి. 2023లో స్ట్రీట్ ఫైటర్ 6కి మొదటి రోజునుంచే ఆర్కేడ్ మోడ్ ఉంది, పైన వరల్డ్ టూర్ అనే కథా మోడ్ కూడా. ఇంతకన్నా బాగుపడటం అంటే ఏంటి?

పిక్సెల్ పిచ్చోడు:
అసలు కిటుకు ఇంజిన్‌లో ఉంది. క్యాప్‌కామ్ గేములు తయారుచేసే సొంత సాఫ్ట్‌వేర్ ఆర్‌ఈ ఇంజిన్‌తో వచ్చిన మొదటి గేమ్ రెసిడెంట్ ఈవిల్ 7. గదులు, నడవాలు, నలుగురైదుగురు శత్రువులు ఉన్నంతవరకు అది మామూలు పీసీలో కూడా వెన్నలా నడుస్తుంది. (మాన్‌స్టర్ హంటర్ వరల్డ్‌ని ఈ లెక్కలో కలపకండి, అది పాత ఇంజిన్ ఎంటీ ఫ్రేమ్‌వర్క్‌తో చేసింది.) అదే ఇంజిన్‌తో పెద్ద ప్రపంచం కట్టబోతే తేలిపోతోంది. 2024లో డ్రాగన్స్ డాగ్మా 2 చూడండి. వెర్న్‌వర్త్ ఊళ్లో అడుగుపెట్టగానే ఫ్రేమ్ రేట్ (సెకనుకి తెరమీద మారే బొమ్మల లెక్క) ఢమాల్. ఊళ్లో తిరిగే ప్రతి మనిషి లెక్కా సీపీయూ (కంప్యూటర్ ప్రాసెసర్) మీదే పడుతుంది కాబట్టి గ్రాఫిక్స్ తగ్గించినా పెద్దగా లాభం లేదు. 2025 ఫిబ్రవరిలో వచ్చిన మాన్‌స్టర్ హంటర్ వైల్డ్స్ నెల తిరిగేసరికి కోటి కాపీలు దాటింది, పీసీలో మాత్రం జనం తిట్టిపోశారు. నా ఉద్దేశంలో బాగుపడింది గదుల్లో ఆడే గేములే. మైదానంలోకి వస్తే కంపెనీ ఇంకా తడబడుతోంది.

పాత కన్సోల్:
డ్రాగన్స్ డాగ్మా 2లో ఇంకోటి మర్చిపోయారు. లాంచ్ రోజు కొత్త గేమ్ మొదలుపెట్టే ఆప్షనే మెనూలో లేదు. పాత్ర రూపం మార్చుకునే పుస్తకం మాత్రం స్టోర్‌లో అమ్మకానికి రెడీ. పాత బుద్ధి ఎక్కడికి పోతుంది?

సేవ్ పాయింట్:
ఆ పుస్తకం గేమ్‌లో కూడా దొరుకుతుంది అన్నా, కొనక్కర్లేదు. కొత్త గేమ్ ఆప్షన్ తర్వాతి అప్‌డేట్‌లో ఇచ్చేశారు. 2016లో అయితే రెండేళ్లు పట్టేది.

పాత కన్సోల్:
దొరికేదాన్ని అమ్మడం ఎందుకు మరి?

కొత్త ప్లేయర్:
మధ్యలో దూరుతున్నా, ఏమనుకోకండి. వైల్డ్స్ పీసీలో తీసుకోవచ్చా?

పిక్సెల్ పిచ్చోడు:
పీసీ గేములు అమ్మే ఆన్‌లైన్ స్టోర్ స్టీమ్‌లో దాని బెంచ్‌మార్క్ టూల్ (నీ పీసీలో గేమ్ ఎంత బాగా నడుస్తుందో చూపించేది) ఫ్రీగా ఉంది. ముందు అది రన్ చెయ్యి. ఫ్రేమ్ జనరేషన్ (మధ్యలో కల్పిత ఫ్రేములు చేర్చే సెట్టింగ్) మాత్రం ఆపేసి చూడు, లేకపోతే వచ్చే నంబర్ చూసి మోసపోతావు.