అప్‌డేట్: టెట్రా చేపలు కోలుకున్నాయి, తప్పు ఫిల్టర్ స్పాంజి కడగడంలో ఉంది

మొక్కలున్న నా 60 లీటర్ల చేపల తొట్టెలో నియాన్ టెట్రాలు నీటిపైకి వచ్చి నోళ్లు తెరుస్తున్నాయని, రెండు చనిపోయాయని మూడు వారాల క్రితం ఇక్కడ అడిగాను. మీరు నీటిని పరీక్షించమన్నారు. చేపల వ్యర్థాల నుంచి పుట్టే విషం నైట్రైట్ లీటరుకు 1 మిల్లీగ్రాము వచ్చింది, సున్నా ఉండాలి. గాలి పంపు ఆగకుండా నడుస్తున్నా అవి ఎందుకు రొప్పాయో అప్పుడు అర్థమైంది. నైట్రైట్ చేరిన రక్తం ఆక్సిజన్‌ను మోయలేదు.

మూలం ఫిల్టర్ స్పాంజి. దాన్ని కుళాయి కింద తెల్లగా అయ్యేదాకా కడిగాను. క్లోరిన్ నీటికి అందులో ఉండి నైట్రైట్‌ను తొలగించే మేలు చేసే బ్యాక్టీరియా చచ్చిపోయింది. ఆ గోధుమరంగు జిగురే నా చేపల ప్రాణమని తెలియక, మురికి అనుకున్నాను. పోయిన ఆ రెండింటినీ తలచుకుంటే ఇప్పటికీ బాధగా ఉంది.

వారం పాటు రోజూ మూడో వంతు నీరు మార్చాను, ప్రతిసారీ క్లోరిన్ విరుగుడు మందు కలిపి. మేత రోజు విడిచి రోజు, చిటికెడే. పన్నెండో రోజుకు నైట్రైట్ సున్నా. స్పాంజిని ఇప్పుడు తొట్టెలోంచి తీసిన నీటిలోనే పిండుతున్నాను.

తొట్టెలోని జావా ఫెర్న్ అనే నీటి మొక్క కూడా కుళ్లింది, దానికి కారణం వేరు: దాని దుంపకాండాన్ని ఇసుకలో పూడ్చాను. చెక్కకు దారంతో కట్టాక కొత్త ఆకు వచ్చింది. మిగిలిన ఎనిమిది టెట్రాలూ గుంపుగా తిరుగుతున్నాయి. ఇంకో నెల వరకు కొత్త చేపలు తేను.