415 వోల్టుల బాక్సులో ఆర్క్ మంట: రబ్బరు గ్లవ్స్ సరిపోతాయా?

ప్రశ్న – జూనియర్ లైన్‌మన్, ఆదోని

అందరికీ నమస్కారం. మా పరిధిలో 100 కేవీఏ సామర్థ్యం గల ట్రాన్స్‌ఫార్మర్లే ఎక్కువ. ఎల్‌సీ (లైన్ క్లియర్, అంటే సరఫరా ఆపి పనికిచ్చే అనుమతి) లేకుండా 11 కేవీ స్తంభం ఎక్కేవారు మాలో ఎవరూ లేరు గానీ, కింద ఎల్‌టీ (తక్కువ వోల్టేజీ) ఫ్యూజు బాక్సు దగ్గరకు వచ్చేసరికి ‘నాలుగు వందల వోల్టులే కదా’ అంటూ సరఫరా ఉండగానే ఫ్యూజులు పెట్టడం మామూలైపోయింది. రబ్బరు గ్లవ్స్ ఉంటే షాక్ కొట్టదు సరే, తీగల మధ్య గాలిలో కరెంటు దూకి ఫట్‌మని లేచే మంట (ఆర్క్) నుంచి ముఖాన్ని కాపాడేది ఏమిటి? అంత తక్కువ వోల్టేజీలో నిజంగా ప్రాణాపాయం ఉంటుందా?

జవాబు – విశ్రాంత ఏఈ (అసిస్టెంట్ ఇంజనీరు), కర్నూలు

ఉంటుంది తమ్ముడూ. ఆర్క్ ఎంత కాలుస్తుందన్నది వోల్టేజీ కన్నా కరెంటును బట్టి, అది తెగడానికి పట్టే సమయాన్ని బట్టి ఉంటుంది. మీ 100 కేవీఏ ట్రాన్స్‌ఫార్మర్ పూర్తి లోడు మీద ఇచ్చేది సుమారు 133 ఆంపియర్లే అయినా, ఇంపెడెన్స్ (కరెంటుకు లోపల ఉండే అడ్డు) 4.5 శాతం అనుకుంటే, దాని బుషింగుల (తీగలు బిగించే చోటు) దగ్గర మూడు ఫేజులూ కలిసి షార్ట్ అయినప్పుడు దాదాపు 3,000 ఆంపియర్లు పారుతుంది. గాలిలో లేచిన ఆర్క్ తానే కొంత అడ్డుపడుతుంది కనుక కరెంటు ఇంతకన్నా తగ్గుతుంది. అసలు చిక్కంతా అక్కడే, ఎందుకంటే కరెంటు తగ్గిన కొద్దీ ఫ్యూజు ఆలస్యంగా పోతుంది, అంతసేపూ ఎదుట ఉన్న మనిషి కాలుతూనే ఉంటాడు. చదరపు సెంటీమీటరుకు 1.2 కేలరీల వేడి తగిలితే చర్మం బొబ్బలెక్కుతుంది.

పైగా మన బాక్సుల్లో ఫ్యూజు వైరు బదులు కండక్టరు నుంచి పీకిన అల్యూమినియం పోగులు రెండు మూడు మెలిపెట్టి బిగించి ఉంటాయి. ఎల్‌టీ ఫ్యూజుకు ముందు, అంటే ట్రాన్స్‌ఫార్మర్ వైపు, ఆర్క్ లేస్తే దాన్ని తెంచవలసింది పైన 11 కేవీ వైపున్న హెచ్‌జీ (హార్న్ గ్యాప్) ఫ్యూజు. అక్కడా లావు తీగే కడితే ఇక తెంచే దిక్కుండదు.

కనుక ముందు ఎల్‌టీ లోడు దించి, ఏబీ స్విచ్ (11 కేవీ సరఫరాను విడదీసే ఎయిర్ బ్రేక్ స్విచ్) తీసి, మూడు బ్లేడ్లూ విడివడ్డాయని కంటితో చూడండి (ఒక బ్లేడు అతుక్కుని ఉండిపోవడం అరుదేమీ కాదు). తర్వాత టెస్టరుతో పరీక్షించి, ఎర్త్ చేశాకే ఫ్యూజు ముట్టుకోవాలి. ఫ్యూజు ఎందుకు పోయిందో చూడకుండా కొత్తది పెట్టడమంటే ఫాల్టు మీదికే సరఫరా ఇవ్వడం.

జవాబు – జిన్నింగ్ మిల్లు ఎలక్ట్రీషియన్, ఎమ్మిగనూరు

సార్ చెప్పిన లెక్కనే మా 500 కేవీఏకి వేస్తే సుమారు 15,000 ఆంపియర్లు వస్తుంది. పాలిస్టర్ చొక్కా మంటకు కరిగి ఒంటికి అతుక్కుంటుంది. నూలు బట్ట కరగదు గానీ అంటుకోగలదు, అందుకే ఆర్క్ రేటింగ్ (ఎంత ఆర్క్ వేడిని ఆపుతుందో చెప్పే కొలత) ఉన్న దుస్తులు, ముఖానికి అదే రేటింగ్ గల షీల్డు కావాలి. మామూలు ప్లాస్టిక్ కళ్లద్దాలు ఆ పని చేయవు. రబ్బరు గ్లవ్స్ పైన తోలు గ్లవ్స్ వేసుకోవాలి.

ప్రశ్న అడిగినవారు

ధన్యవాదాలు సార్. మా దగ్గర కొన్ని ఏబీ స్విచ్‌ల హ్యాండిళ్లు తుప్పు పట్టి కదలవు. బోర్ల రైతులేమో నిలబడి తొందరపెడుతుంటారు. అప్పుడేం చేయాలి?

విశ్రాంత ఏఈ

కదలకపోతే సబ్‌స్టేషన్ నుంచి ఆ ఫీడరుకు (అక్కడి నుంచి వచ్చే 11 కేవీ లైనుకు) ఎల్‌సీ తీసుకోవాలి, వేరే దారి లేదు. రైతుకు ఆ మాటే చెప్పండి. ఆ స్విచ్ ఏ ట్రాన్స్‌ఫార్మరుదో మీ ఏఈకి రాతపూర్వకంగా ఇచ్చి, ఒక నకలు మీ దగ్గర ఉంచుకోండి.